వంతెన మీద నందులున్నాయి, శివుడు లేడు: సెజిన్‌కోట్ తోట చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

స్లౌ_సుబ్బు
పోయిన వారం ఇంటిల్లిపాదీ ఇంగ్లండులో కాట్స్‌వోల్డ్స్ కొండల వైపు వెళ్లాం. గ్లోస్టర్‌షైర్‌లో మోర్టన్-ఇన్-మార్ష్ దగ్గర సెజిన్‌కోట్ అని పాతకాలపు దొరల బంగళా ఒకటుంది. రాగి గుమ్మటం, మూలల్లో చిన్న మండపాల్లాంటి ఛత్రీలు, వెడల్పాటి చూరు, అచ్చం మొఘలు కట్టడంలా ఉంటుంది. ఇంటితో నాకు పేచీ లేదు. తోటతోనే. వాగు మీద రాతి వంతెన, దాని పిట్టగోడ మీద కూర్చున్న నందులు! ఇంకాస్త పైకెళ్తే చిన్న సూర్య మందిరం, లోపల సూర్యుడి విగ్రహం. దీపం లేదు, పువ్వు లేదు. వంతెనకి దిగువన కొలనులో మూడు తలల పాము చెట్టు మొద్దుకి చుట్టుకుని నీళ్లు చిమ్ముతోంది. ఇవతల జనం టీ తాగుతూ కేకులు తింటున్నారు. మా అత్తగారు నందికి దణ్ణం పెట్టుకుని "శివుడెక్కడ బాబూ?" అని అడిగారు. నాకు నోరు పెగల్లేదు. మన దేవుళ్లని తోటలో అలంకారం సామాన్లు చేసేశారనిపించింది. మీరేమంటారు?

కాకినాడ_కాజా
శివుడికి వీసా రాలేదు, నందులు డిపెండెంట్ వీసా మీద ముందే వచ్చేశాయి అని చెప్పాల్సింది.

చరిత్ర_పిచ్చోడు
సుబ్బు గారూ, ముందు ఇది ఎవరు కట్టారో చూద్దాం. ఈ ఎస్టేటుని 1795లో కర్నల్ జాన్ కాకరెల్ కొన్నాడు. బెంగాల్లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. 1798లో పోయాడు. ఆస్తి సోదరుడు చార్లెస్ చేతికొచ్చింది. ఈయనా కలకత్తాలో కంపెనీ కొలువు చేసి, వ్యాపారం చేసి, బాగా వెనకేసుకుని ఇంగ్లండు చేరినవాడే. ఇంకో సోదరుడు శామ్యూల్ పెపీస్ కాకరెల్ ఆర్కిటెక్టు. 1805 ప్రాంతంలో ఒకరి డబ్బు, ఇంకొకరి ప్లాను కలిసి ఈ ఇల్లు లేచింది. అసలు తమాషా ఏంటంటే ఆ శామ్యూల్ ఇండియాలో ఎప్పుడూ కాలు పెట్టలేదు.

మరి నందులు, సూర్యుడు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే, థామస్ డేనియల్ అనే చిత్రకారుడి దగ్గర్నుంచి. ఆయన వరసకు కొడుకయ్యే కుర్రాడు విలియంని వెంటబెట్టుకుని 1786లో కలకత్తాలో దిగాడు. గంగ ఒడ్డు పొడుగునా పైకెళ్లి, తర్వాత దక్షిణాదిన మదురై, మైసూరు వైపు తిరిగి, చివర్లో బొంబాయి దగ్గర ఎలిఫెంటా గుహలు చూసి 1793లో బయల్దేరాడు. ఇంటికెళ్లాక ఇద్దరూ కలిసి 1795 నుంచి 1808 దాకా మన దేశపు దృశ్యాలు 144 ప్రింట్లు వేశారు. సెజిన్‌కోట్ తోటలో మీరు చూసిన వంతెన, మందిరం ఆయన గీసిచ్చినవే. ఆ వంతెన కిందికి దిగారా? పైనుంచి చూసి వచ్చేసుంటే సగం పోయినట్టే. కింద పొట్టిగా, లావుగా ఉండే స్తంభాలకి ఎలిఫెంటాయే ప్రేరణ.

స్లౌ_సుబ్బు
దిగలేదు, అత్తగారికి మోకాళ్ల నొప్పులు. కానీ ఏడేళ్లు మన గుళ్లు చూసి తిరిగినవాడంటే అన్నీ తెలిసే చేశాడన్నమాట. తెలియక చేస్తే సర్దుకుపోవచ్చు.

లెస్టర్_లక్ష్మి
ఇక్కడ తోటలో గుడి అంటే పూజకి కట్టేది కాదు సుబ్బు గారూ. పద్దెనిమిదో శతాబ్దమంతా ఇదే ఫ్యాషన్. బకింగ్‌హామ్‌షైర్‌లో స్టో తోటకి వెళ్లండి, గుళ్లు లెక్కపెట్టలేక అలిసిపోతారు. రోమన్ల ప్రేమదేవత వీనస్‌కి ఒకటి, స్నేహానికి ఒకటి, 'ప్రాచీన సద్గుణానికి' ఒకటి. ఆ మూడోదాన్ని ఆర్కిటెక్టు విలియం కెంట్ 1737 ప్రాంతంలో గుండ్రంగా, నిండుగా కట్టాడు. దాని దగ్గర్లోనే 'ఆధునిక సద్గుణ మందిరం' అని ఇంకోటి, అది మాత్రం కావాలనే పాడుబడిన మొండిగోడల్లా కట్టారు. లోపల తల లేని విగ్రహం. ఆ తల లేనివాడు అప్పటి ప్రధాని వాల్‌పోలే అని జనానికి అర్థమైపోయేది. తోట యజమాని లార్డ్ కోబమ్‌కి 1733లో వాల్‌పోల్‌తో చెడింది మరి. ఇప్పుడైతే ట్విట్టర్లో తిట్టుకుంటారు, ఆయన రాళ్లు పేర్పించి తిట్టాడు.

చరిత్ర_పిచ్చోడు
ఆ కోబమ్ ఇంటిపేరే టెంపుల్. 'నీ ఆలయాలు ఎంత రమ్యములు' అనే బైబిలు కీర్తన ముక్కని కుటుంబ నినాదంగా పెట్టుకుని తోటనిండా గుళ్లు కట్టుకున్నాడు. డబ్బుండాలే గానీ ఎలాంటి జోకైనా వేసుకోవచ్చు.

గోదారిగట్టు
లక్ష్మి గారూ, వీనస్‌కి దణ్ణం పెట్టే మనిషి ఇవాళ ఒక్కడూ లేడు. వాళ్లకి అది చచ్చిపోయిన మతం. నందికి రోజూ చెవిలో చెప్పుకునేవాళ్లు కోట్లమంది ఉన్నారు. రెండిటినీ ఒక గాటన కట్టేస్తే ఎలా? సుబ్బు గారి అత్తగారి దణ్ణమే దీనికి సాక్ష్యం.

లెస్టర్_లక్ష్మి
మీరన్నది నిజమే, కాదనను. నేను చెప్పింది కట్టినవాళ్ల బుర్రలో ఏముందో. వెక్కిరించడానికి పెట్టలేదు, గ్రీకు, రోమన్ దేవుళ్ల పక్కన వరస కలిపారు.

రాయలసీమ_రాగిసంకటి
శివుడు కనపడకుండా నంది ఉండకూడదని ఎక్కడుంది? మా లేపాక్షి బసవన్న గుడికి అంత దూరంలో రోడ్డు పక్కన కూర్చున్నాడు కదా. ఒకటే రాయి, 27 అడుగుల పొడుగు, 15 అడుగుల ఎత్తు.

గోదారిగట్టు
మీ బసవన్న గుళ్లో నాగలింగం వైపు చూస్తూ కూర్చున్నాడు సామీ. దూరం వేరు, దిక్కు లేకపోవడం వేరు.

రాతిపని_రమణ
నేను ఈ దేశంలో పాత రాతి కట్టడాల రిపేర్ల పనిలో ఉన్నాను. భక్తి సంగతి పెద్దలకి వదిలేసి రాయి గురించి చెప్తాను. మొదటి సంగతి, ఆ నందులు ఉలితో చెక్కినవి కావు, పోతపోసినవి. మందిరంలో సూర్యుడైతే కోడ్ స్టోన్ అనే సరుకు. ఎలినార్ కోడ్ అనే ఆవిడ 1769 నుంచి లండన్ లాంబెత్‌లో నడిపిన కార్ఖానాలో తయారయ్యేది. పేరుకే రాయి, నిజానికి కాల్చిన మట్టి. తెల్లటి బంకమట్టిలో, ముందే ఒకసారి కాల్చి దంచిన మట్టి, చెకుముకి రాయి పొడి, సన్నటి ఇసుక, గాజు పొడి కలుపుతారు. అచ్చుల్లో ఒత్తి, ఆరాక బట్టీలో 1100 డిగ్రీల దగ్గర నాలుగు రోజులు వదలకుండా కాలుస్తారు. ఆ నాలుగు రోజులూ వేడి ఎక్కువతక్కువలు కాకుండా చూసుకోవడంలోనే ఉంది విద్యంతా.

ఇలా చేసిన బొమ్మకి వానా మంచూ ఒక లెక్క కాదు. లండన్లో వెస్ట్‌మినిస్టర్ వంతెన దగ్గర పెద్ద సింహం ఉంది చూడండి, 1837 నాటిది. ఇన్నాళ్ల పొగ తిన్నా జూలు పాయలు పాయలుగా కనబడుతుంది. అదే కాలంలో సున్నపురాయితో చెక్కిన విగ్రహాలకి చాలాచోట్ల ముక్కులు, వేళ్లు ఊడిపోయాయి.

కాకినాడ_కాజా
అంటే అత్తగారు దణ్ణం పెట్టింది ఫ్యాక్టరీ సరుక్కా.

గోదారిగట్టు
వినాయక చవితికి మట్టి బొమ్మకే పెడతాం కాజా. అచ్చులో పోసిందే.

కాకినాడ_కాజా
సరెండర్.

నిద్రలేని_పక్షి
అందరూ డబ్బు మాట దాటేస్తున్నారు. ఈ రాళ్లు, అచ్చులు, బట్టీలు అన్నిటికీ బిల్లు కట్టింది బెంగాల్. చార్లెస్ కాకరెల్ కలకత్తాలో పెద్ద ఏజెన్సీ హౌసులో భాగస్వామి. కంపెనీ ఉద్యోగులు అక్కడ సంపాదించిందంతా దాచి, ఇంగ్లండుకి తరలించిపెట్టేవి ఇలాంటి కొట్లే. అందులో ఇంకో భాగస్వామి విలియం పాక్స్‌టన్. ఆయన వేల్స్‌లో మిడిల్టన్ హాల్ అని ఎస్టేటు కొని, కొండ మీద అడ్మిరల్ నెల్సన్ పేరిట మూడు మూలల రాతి బురుజు కట్టించాడు. ఆర్కిటెక్టు ఎవరనుకున్నారు? ఇదే శామ్యూల్ కాకరెల్! ఆ మిడిల్టన్ హాల్ నేలే ఇప్పుడు వేల్స్ జాతీయ బొటానిక్ గార్డెన్. సెజిన్‌కోట్‌కి కొద్ది మైళ్లలోనే డేల్స్‌ఫర్డ్, అది బెంగాల్ గవర్నర్ జనరల్‌గా చేసిన వారన్ హేస్టింగ్స్ ఇల్లు. దాన్నీ శామ్యూలే కట్టాడు. ఇండియా చూడకుండా ఇండియా డబ్బుతో ఇంత పని చేసిన ఆర్కిటెక్టు ఇంకొకడు ఉంటాడా అని నా సందేహం.

చరిత్ర_పిచ్చోడు
హేస్టింగ్స్ పేరొచ్చింది కాబట్టి ఇంకోటి. ఇదే డేనియల్ 1800లో మెల్చెట్ పార్కులో హిందూ గుడి నమూనా ఒకటి డిజైన్ చేశాడు. అందులో దేవుడు వారన్ హేస్టింగ్స్. తామరపువ్వులోంచి పైకొస్తున్నట్టు ఆయన తల, భుజాలు! కట్టించినవాడు ఆయన అభిమాని, ఇండియాలో పనిచేసి వచ్చిన సర్ జాన్ ఆస్‌బోర్న్. అది ఇప్పుడు లేదు.

స్లౌ_సుబ్బు
ఇది విన్నాక సెజిన్‌కోట్ నందులే నయమనిపిస్తోంది.

నిద్రలేని_పక్షి
అభిమాన సంఘాలు మనమే కనిపెట్టామనుకున్నా ఇన్నాళ్లూ.

బ్రైటన్_బాబాయ్
తర్వాత ప్రిన్స్ రీజెంట్ అయిన యువరాజు 1807లో సెజిన్‌కోట్‌కి వచ్చి చూసి మురిసిపోబట్టే మా ఊళ్లో ఆయన భవనం, రాయల్ పెవిలియన్ పుట్టింది. కాబట్టి ఆ ఇంటికి మేం రుణపడి ఉన్నాం.

లెస్టర్_లక్ష్మి
బాబాయ్ గారూ, సగమే కరెక్టు. బ్రైటన్లో గుమ్మటం వేసిన గుర్రపుశాలలు ఆర్కిటెక్టు విలియం పోర్డన్ 1803లోనే మొదలుపెట్టాడు. యువరాజు సెజిన్‌కోట్ చూసేటప్పటికే ఆ పని నడుస్తోంది. ఇంకో ఆర్కిటెక్టు జాన్ నాష్ పెవిలియన్‌ని ఇప్పుడున్న రూపానికి మార్చింది 1815 తర్వాత. అయితే పోర్డన్ ఎవరి శిష్యుడో తెలుసా? శామ్యూల్ కాకరెల్ దగ్గర పని నేర్చుకున్నవాడే. ఎటు తిరిగినా వాళ్లింటికే చేరతాం.

బ్రైటన్_బాబాయ్
శిష్యుడి లెక్కలో అయినా రుణం రుణమే కదమ్మా. అన్నట్టు బ్రైటన్ వచ్చేవాళ్లు పెవిలియన్ చూసి వెళ్లిపోకండి. మొదటి ప్రపంచ యుద్ధంలో దాన్ని మన సిపాయిలకి ఆసుపత్రి చేశారు. అక్కడ చనిపోయిన హిందూ, సిక్కు సైనికుల్ని ఊరి బయట కొండల మీద దహనం చేశారు. ఆ చోట 1921లో తెల్లటి పాలరాతి ఛత్రి కట్టారు. కారు పోదు, పొలాల్లోంచి నడవాలి. దేవుళ్ల పేరుతో కట్టిన ఈ తోట గుళ్లన్నిటికంటే నాకు అదే గుడిలా ఉంటుంది.

ఓరుగల్లు_పోరడు
రమణన్నా, నువ్వు రాయి ముచ్చట మధ్యలనే ఆపినవ్. వంతెన, ఇల్లు ఏం రాయి? మా దిక్కు గుళ్లు నల్లరాయి, గ్రానైటు. ఎన్ని వానలొచ్చినా ఏం గాదు. గీ పసుపు రాయి రెండొందల ఏండ్లు ఎట్ల ఆగింది?

రాతిపని_రమణ
తమ్ముడూ, అది కాట్స్‌వోల్డ్ సున్నపురాయి. జురాసిక్ కాలంలో, అంటే పదహారు పదిహేడు కోట్ల ఏళ్ల కిందట, వెచ్చని లోతులేని సముద్రం అడుగున పేరుకున్నది. విరిగిన చోట భూతద్దం పెట్టి చూడు, గుండ్రటి సన్నటి గింజలు ఒకదానికొకటి అంటుకుని కనబడతాయి. గనిలోంచి తీసినప్పుడు ఒంట్లో చెమ్మ ఉంటుంది, మెత్తగా కోతకి వస్తుంది. గాలి తగిలేకొద్దీ పైపొర గట్టిపడుతుంది. అందుకే నెమలి పురి విప్పినట్టుండే కిటికీ కమాన్లు, చూరు కింద బ్రాకెట్లు అంత సుఖంగా చెక్కారు. మీ ఓరుగల్లు రాయిలో ఆ పని తీయాలంటే ఎంతమంది శిల్పుల ఉసురు పోసుకోవాలో.

దీనికి శత్రువులు ముగ్గురు. మొదటివాడు మంచు. రాయిలోకి దిగిన నీళ్లు గడ్డకట్టి ఉబ్బుతాయి, పైపొర పెచ్చులుగా లేస్తుంది. తోట కట్టడాలకి ఇది ఇంటికంటే ఎక్కువ, ఎందుకంటే వంతెన పిట్టగోడకి రెండు వైపులా, పైనా వానే. పైగా కింద వాగు. రెండోవాడు ఇనుము. పాతకాలం వాళ్లు రాయికీ రాయికీ మధ్య ఇనుప కొక్కేలు వేసి సీసం పోసేవారు. సీసం ఎక్కడో పగిలి నీళ్లు చేరితే ఇనుము తుప్పు పట్టి లావెక్కుతుంది. లోపల్నుంచి రాయిని చీల్చేస్తుంది. బయటికి సన్నటి గీత కనబడేసరికే లోపల కథ ముదిరిపోయి ఉంటుంది.

మూడోవాడు మనమే, సిమెంటు సంచీతో సహా. గోడ రాళ్ల మధ్య దర్జుల్లో పాత సున్నం రాలిపోతే తీసుకెళ్లి సిమెంటు కూరేస్తారు. సున్నం మెత్తన, గోడలో చెమ్మని దర్జుల్లోంచి బయటికి వదిలేస్తుంది. సిమెంటు వదలదు. ఆ చెమ్మ రాయిలోంచే బయటపడాలి, ఉప్పుని కూడా మోసుకొస్తుంది. కొన్నేళ్లకి గోడ దగ్గరికెళ్లి చూస్తే సిమెంటు గీతలు గట్టుల్లా ముందుకి పొడుచుకుని ఉంటాయి, వాటి మధ్య రాయి గుంటపడి లోపలికి పోయి ఉంటుంది. వేలు పెట్టి రాస్తే పసుపు పొడి రాలుతుంది. ఇది సెజిన్‌కోట్ గురించి చెప్పట్లేదు, నేను పనిచేసిన చాలా ఎస్టేటు గోడల గురించి.

ఓరుగల్లు_పోరడు
మా ఊరి శివాలయానికి గదే జేసిన్రు అన్నా. రాతి కంబాలకు సిమెంటు పూసి, దాని మీద ఆయిల్ పెయింటు. మంచిగ మెరుస్తున్నదని అందరు సంబురపడ్డరు. ఇప్పుడు కింద పెచ్చులు లేస్తున్నయ్. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపం 2006ల విప్పితే మళ్ల తెరిచేటాళ్లకు 2024 మార్చి అయింది. గప్పుడు అందరం తిట్టుకున్నం లేటు లేటని. నువ్వు చెప్పింది ఇంటే ఓపిక పట్టుడే నయమనిపిస్తున్నది.

పాత_మేస్త్రి
రమణ బాబు చెప్పింది అక్షరాలా నిజం. మా తాత గానుగలో ఎద్దుల్ని కట్టి డంగు సున్నం తిప్పించేవాడు. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవారు. తిప్పింది తిప్పినట్టు వాడేవారు కాదు, నానబెట్టి మళ్లీ తిప్పేవారు. మాకు సిమెంటు వచ్చాక ఆ ఓపిక పోయింది. గానుగ రాయి ఇప్పటికీ మా పెరట్లో తులసికోట పక్కన పడి ఉంది.

రాతిపని_రమణ
పాత_మేస్త్రి గారూ, దణ్ణం. ఇక్కడ కూడా నానబెట్టిన సున్నాన్ని నెలల తరబడి డబ్బాల్లో మాగబెట్టి అమ్ముతున్నారు, సిమెంటు కంటే ఖరీదు. 1877లో కవి, డిజైనర్ విలియం మోరిస్ వగైరాలు పాత కట్టడాల రక్షణకి సంఘం పెట్టారు. 'కొత్తగా కనపడేట్టు బాగుచేయొద్దు, ఉన్నదాన్ని నిలబెట్టండి' అని అప్పటినుంచీ పోరుతూనే ఉన్నారు. సెజిన్‌కోట్ గ్రేడ్ వన్ కట్టడం, అంటే రక్షిత కట్టడాల్లో అన్నిటికంటే పై తరగతి. యజమానే అయినా దాని రూపు మారే పని చేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి.

కొత్త_కోడలు_కెంట్
ఇప్పుడు అది ఎవరిది? పాత కట్టడాలు చూసుకునే నేషనల్ ట్రస్ట్ సంస్థ కార్డు పనిచేస్తుందా?

చరిత్ర_పిచ్చోడు
పనిచేయదు, ప్రైవేటు. 1944లో క్లైన్‌వర్ట్ అనే బ్యాంకర్ల కుటుంబం కొంది, ఇప్పటికీ వాళ్ల వారసులదే. ఇంటికి దక్షిణాన నీళ్ల కాలువలతో మొఘలు పద్ధతి తోట ఉంది కదా, అది పాతది కాదు. లేడీ క్లైన్‌వర్ట్ ఇండియా వెళ్లొచ్చి 1960ల్లో వేయించింది. సుబ్బు గారూ, ఇంటి లోపలికి వెళ్లారా? లోపల ఇండియా వాసనే ఉండదు, మామూలు గ్రీకు పద్ధతి. బయట పట్టుపంచె, లోపల సూటు.

స్లౌ_సుబ్బు
వెళ్లలేదు, తోట టికెట్టే తీసుకున్నాం. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. రమణ చెప్పిన పనితనానికి దణ్ణం పెడతాను. కానీ కనీసం ఒక బోర్డు పెట్టి, ఇది ఫలానా దేవుడు, మాకు పవిత్రం అని రాస్తే వాళ్ల సొమ్మేం పోతుంది?

నిద్రలేని_పక్షి
దాంతోపాటు డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో రెండో బోర్డు.

లెస్టర్_లక్ష్మి
తోటనిండా బోర్డులైతే ఇంక చూసేదేముంది. గేటు దగ్గర ఇచ్చే కాగితంలో రాస్తే చాలు.

గోదారిగట్టు
నేను మాత్రం వెళ్తే నంది దగ్గర ఒక మందారం పెట్టి వస్తా. ఎవడేమంటాడో చూద్దాం.

రాతిపని_రమణ
పువ్వు పెట్టండి, కుంకుమ మాత్రం వద్దు గోదారిగట్టు గారూ. రంగు కారి ఒకసారి వంతెన రాయిలోకి ఇంకితే మళ్లీ వదలదు, నా ప్రాణం మీదికొస్తుంది. నూనె అసలే వద్దు. వంతెన కిందికి దిగేవాళ్లు జాగ్రత్త, నీళ్లలో వేసిన రాళ్ల మీంచి దాటాలి, తడిస్తే జారతాయి. దాటితే కూర్చోడానికి చోటుంది. నందుల కోసం కాదుగానీ ఆ స్తంభాల మధ్య కూర్చోవడానికే వెళ్లొచ్చు.

బర్మింగ్‌హామ్_బుజ్జి
టాపిక్ మారుస్తున్నా, తిట్టకండి. మా బ్యాక్ గార్డెన్లో రాతి వినాయకుడికి నాచు, తెల్లటి మచ్చలు పట్టాయి. మా ఆయన ప్రెషర్ వాషర్ తీశాడు. కొట్టొచ్చా?

రాతిపని_రమణ
వెంటనే ప్లగ్గు పీకండి! ఆ జెట్ దెబ్బకి పైన గట్టిపడిన పొర లేచిపోతుంది. బ్లీచ్ వద్దు, ఇనుప బ్రష్ వద్దు. మామూలు నీళ్లు, కొబ్బరి పీచు బ్రష్ చాలు. గుండ్రటి తెల్ల మచ్చలు రాతి మీద పెరిగే ప్రాణులే, అవి ఉన్నా రాయికి పెద్ద నష్టం లేదు, ఉండనివ్వండి. చలికాలం ముందు కింద రెండు పలకలు పెట్టి నేల మీంచి ఎత్తండి, చెమ్మ ఎక్కకుండా. ఇంతకీ ఏ రాయి?

బర్మింగ్‌హామ్_బుజ్జి
గార్డెన్ సెంటర్లో కొన్నాం అన్నయ్యా. అడుగున అచ్చు అతుకు గీత కనబడుతోంది.

రాతిపని_రమణ
అయితే కాంక్రీటు. మీ ఆయన్ని కానివ్వమనండి.